సబ్ కొన్నాక పాట ఇంకా ఖరాబైంది: హనుమకొండలో ఒక హోమ్ స్టూడియో కేసు

ఈమధ్య వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు జానపద పాటలు చేసేవాళ్లవే. ఇంట్లో ఒక గది, అందులో ల్యాప్‌టాప్, దానికి మైక్, స్పీకర్లు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైక్, ఐదంగుళాల మానిటర్ల (మిక్స్ వినే స్టూడియో స్పీకర్ల) జత. పాట యూట్యూబ్‌లో పడుతుంది. బాగా పోతే అదే పాట డీజే వెర్షన్ అయి బరాత్‌లో, గణేశ్ నిమజ్జనంలో మోగుతుంది. పడకగదంత చోట కూర్చుని బేస్ ఎంత ఉండాలో తేల్చుకున్న మనిషికి అసలు పరీక్ష అక్కడ, పద్దెనిమిదంగుళాల డీజే బాక్సుల ముందు జరుగుతుంది.

గది సౌండ్ కొలిచి సరిచేయడం నా పని. ఈ కేసును రాసిపెట్టడానికి కారణం ఒక్కటే. సబ్‌వూఫర్ (సబ్), అంటే లోతైన బేస్ కోసం విడిగా పెట్టే స్పీకర్ గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఏ సబ్ కొనాలి అని అడుగుతారు. కుర్చీ ఎక్కడ వేసుకోవాలి అని ఎవరూ అడగరు. ఈ కేసులో మొత్తం కథ కుర్చీదే. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. గది కొలతలు, సౌండ్ లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

నేపథ్యం

నాకు ఫోన్ చేసిన పాటల మనిషికి హనుమకొండలో సొంత ఇల్లు. కింద కిరాయిదారులు, పైన వీళ్లు. పై అంతస్తులో ఒక గదిని స్టూడియో చేసుకున్నాడు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున స్లాబ్. ఇటుక గోడలు, సిమెంట్ ప్లాస్టరింగ్, కింద టైల్స్. ఒక గోడకు కిటికీ, ఎదురు గోడకు ఆనించి ఇనుప బీరువా. మన ఊళ్లలో వెయ్యి ఇళ్లలో ఇలాంటి గదే ఉంటుంది. అందుకే ఈ లెక్కలు చాలామందికి నేరుగా పనికొస్తాయి.

ఆయన ముప్పై దాటిన మనిషి. డప్పు, డోలు తెలిసిన చెయ్యి. బతుకమ్మ పాటలు, పెళ్లి పాటలు ఎక్కువ చేస్తాడు. చెవి బాగుంటుంది. ఆ మాట ఊరికే చెప్పడం లేదు. తన మిక్స్‌లో తప్పు ఎక్కడుందో కారులో వినగానే పట్టేసేవాడు. గదిలో కూర్చున్నప్పుడే దొరికేది కాదు.

సమస్య

మొదటి ఫోన్‌లో ఆయన చెప్పింది: "అన్నా, పైసలు పెట్టి సబ్ కొన్న. పాట ఇంకా ఖరాబైంది."

సబ్ కొనకముందు ఫిర్యాదు వేరే. ఐదంగుళాల మానిటర్లలో కిక్ డ్రమ్ కింది భాగం, 808 బేస్ (డ్రమ్ మెషీన్ తరహా లోతైన బేస్) వినిపించేవి కావు. వినిపించడం లేదని ఈక్యూలో, అంటే ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉండాలో మార్చే సాధనంలో, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 కంపనాలు, సంఖ్య తగ్గేకొద్దీ బేస్ లోతు) కింద పెంచేవాడు. కారులో వేస్తే డోర్లు అదిరేవి. డీజేవాళ్లు ఫోన్ చేసి బేస్ తగ్గించి మళ్లీ పంపమనేవారు. స్పీకర్ చిన్నది కాబట్టి ఇలా అవుతోందని ఎవరో చెప్పారు. సగం నిజం. అలాంటి మానిటర్లు 70 హెర్ట్జ్ దాటి కిందికి దిగేసరికి బలం కోల్పోతాయి. అలా సబ్ కొన్నాడు.

కొన్నాక కొత్త తేడా మొదలైంది. పాటలో డప్పుకు ఒళ్లు లేకుండా పోయింది, పలచగా టకటక మంటోంది. కిక్ మాత్రం అప్పటిలాగే గుండె మీద గుద్దుతోంది. మిక్స్ మొత్తంగా లావైతే స్పీకర్‌ను అనుమానించవచ్చు, మొత్తంగా పలచబడితే సబ్ లెవెల్‌ను అనుమానించవచ్చు. ఒక చోట లావు, దాని పక్కనే పలచన అంటే నా అనుమానం ముందు గది మీదికి పోతుంది.

రెండో ఆధారం కూడా ఆయనే ఇచ్చాడు. 'ఏ మైనర్' స్కేల్‌లో చేసిన పాటలో బేస్ లైన్ ఒక్కో నోట్ ఒక్కో సైజులో వినిపిస్తోందట. కింది 'ఏ' నోట్ మాయమైపోతుంది, దాని పై ఆక్టేవ్ గదంతా నిండుతుంది. కింది 'ఏ' 55 హెర్ట్జ్, పైది 110. ఫోన్‌లోనే గది కొలతలు అడిగి కాగితం మీద లెక్క వేశాను.

ధ్వని సెకనుకు సుమారు 1,130 అడుగులు పోతుంది. రెండు ఎదురెదురు గోడల మధ్య మొదటి రూమ్ మోడ్ (గది కొలత వల్ల బలంగా మోగే ఫ్రీక్వెన్సీ) కావాలంటే ఆ సంఖ్యను గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. 12 అడుగులకు 47 హెర్ట్జ్. 10 అడుగులకు 56.5. ఎత్తు కూడా 10 అడుగులే కాబట్టి మళ్లీ 56.5. వెడల్పు, ఎత్తు సమానమైన గది సంగీతానికి మంచిది కాదనడానికి కారణం ఇదే, రెండు మోడ్లు ఒకే చోట పడతాయి. మొదటి మోడ్‌లో గోడల దగ్గర ఒత్తిడి గరిష్ఠం, గది నట్టనడుమ దాదాపు సున్నా. రెండో మోడ్ 94, 113 హెర్ట్జ్‌ల దగ్గర వస్తుంది. దానికి నట్టనడుమే గుట్ట. శబ్దం ఎక్కువయ్యే చోటును గుట్ట అని, తగ్గిపోయే చోటును గుంట అని అంటున్నాను.

"కుర్చీ ఎక్కడుంది?" అని అడిగాను. "నడుమలనే అన్నా, కిటికీ గోడకు ఆరడుగులు" అన్నాడు. స్పీకర్లను గోడకు దూరంగా జరపాలని ఎక్కడో చదివి టేబుల్‌ను మూడడుగులు ముందుకు లాగాడట. దాంతో కుర్చీ వచ్చి సరిగ్గా గది పొట్టలో పడింది. 47, 56 హెర్ట్జ్‌ల దగ్గర గుంటలు, 113 దగ్గర గుట్ట, మూడూ ఆయన తల ఉన్న చోటే.

నేను పోకముందు ఆయన చేసినవి

సబ్‌ను టేబుల్ కింద ఎడమ మూలన పెట్టాడు. కారణం, కేబుల్ అక్కడిదాకే వచ్చింది. మూలన పెట్టిన సబ్ గదిలోని అన్ని మోడ్లనూ గట్టిగా లేపుతుంది. సబ్ ఎంత ఫ్రీక్వెన్సీ దాకా వాయించాలో చెప్పే క్రాసోవర్ నాబ్ 120 దగ్గర ఉంది. మానిటర్లకు వెళ్లే బేస్‌ను కోసే లో కట్ స్విచ్ ఆఫ్‌లో ఉంది. అంటే 60 నుంచి 120 దాకా మానిటర్లూ సబ్బూ రెండూ వాయిస్తున్నాయి. 110 దగ్గర మొదలే గుట్ట ఉన్న చోట ఇంకో బుట్టెడు మట్టి పోసినట్టయింది. వినే మనిషి ఏం చేస్తాడు? మిక్స్‌లో 90 నుంచి 120 మధ్య కోసేస్తాడు. డప్పు ఒళ్లు ఎక్కువగా ఉండేది ఆ చుట్టుపక్కలే. 55 మాత్రం ఇప్పటికీ వినపడటం లేదు కాబట్టి పెంచిన ఈక్యూ అలాగే ఉండిపోయింది. పలచటి డప్పు, గుద్దే కిక్ ఇలా ఒకే పాటలో కలిశాయి.

తర్వాత గోడలకు దర్రీలు కట్టాడు. వరంగల్ మనిషి కదా, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన దర్రీలు ఇంటి పక్కనే కొత్తవాడలో దొరుకుతుంటే ఫోమ్ ఎందుకు కొంటాడు. చూడటానికి గది చాలా అందంగా ఉంది. మైక్ ముందు గొంతు రికార్డు చేసేటప్పుడు ప్రతిధ్వని తగ్గి పని కూడా చేసింది. బేస్‌కు మాత్రం అవి ఉన్నా లేనట్టే. 56 హెర్ట్జ్ అల పొడవు 20 అడుగులు. దాన్ని అర అంగుళం కూడా లేని బట్ట ఆపలేదు. పైగా నాలుగు గోడలూ కప్పేసరికి పై శబ్దాలన్నీ ఇంకిపోయి, దాన్ని సరిచేయడానికి మిక్స్‌లో ట్రెబుల్ పెంచడం అలవాటైంది.

మూడోది ఈక్యూ. గది ఈక్యూ చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి 50 దగ్గర 10 డీబీ (డెసిబెల్, శబ్దం స్థాయికి కొలమానం) పెంచాడు. కుర్చీలో కూర్చుంటే పెద్ద తేడా లేదు. గుంట అంటే అక్కడ శబ్దం చాలక ఏర్పడింది కాదు. నేరుగా వచ్చిన అలా, గోడకు తగిలి తిరిగొచ్చిన అలా ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్ల ఏర్పడింది. ఎంత పెంచితే తిరిగొచ్చేదీ అంతే పెరుగుతుంది. 10 డీబీ అంటే ఆంప్లిఫయర్ మీద పది రెట్ల భారం. సబ్ మీద భారం మించిందని చెప్పే లిమిటర్ లైట్ వెలగడం మొదలైంది. కుర్చీలో వినపడని ఆ బేస్ గోడల దగ్గర, కింది ఇంట్లో బాగానే వినపడింది. గొడవ అక్కడ మొదలైంది. దాని గురించి తర్వాత చెప్తాను.

మధ్యలో ఒక చిన్న సమస్య ఉంది. సబ్ ఆన్ చేస్తే సన్నటి హమ్. ఇంటర్‌ఫేస్ ఒక ప్లగ్‌లో, సబ్ గదికి అవతలి ప్లగ్‌లో, మధ్యలో ఆర్‌సీఏ కేబుల్. అన్నింటినీ ఒకే పవర్ స్ట్రిప్ మీదికి తెచ్చి, బయటి రొదను కొట్టేసే బ్యాలెన్స్‌డ్ టీఆర్ఎస్ కేబుళ్లు వేయించాను, పోయింది. హమ్ పోవడానికి కొందరు ఎర్త్ పిన్ పీకేస్తారు. ఆ పని ఎప్పుడూ చేయకూడదు, ప్రాణాలతో చెలగాటం.

కొలత

పోయిన రోజు మొదట సబ్ పవర్ తీసేశాను. ఆయనకు నచ్చలేదు. "సబ్ కోసమే గదా పిలిచింది" అన్నాడు. మానిటర్లు ఒక్కటే ఈ కుర్చీ దగ్గర ఏం చేస్తున్నాయో తెలియకుండా సబ్ ఏం కలుపుతోందో చెప్పలేం. కొలత మైక్‌ను చెవి ఎత్తులో, 4 అడుగుల దగ్గర పెట్టి రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్వీప్ (కింది ఫ్రీక్వెన్సీ నుంచి పైదాకా జారే పరీక్ష శబ్దం) నడిపాను. తర్వాత సబ్ ఒక్కటే, ఆ తర్వాత రెండూ కలిపి. ప్రతిదీ తల అటూఇటూ జరిగే మేర కొన్ని చోట్ల తీసి సగటు చూశాను. ఒక్క బిందువు దగ్గర తీసిన గ్రాఫ్ చూసి నిర్ణయాలు తీసుకోవడం నాకు నచ్చదు, ఎవరూ తల కదపకుండా మిక్స్ చేయరు.

సబ్ ఉన్నా లేకున్నా 45 నుంచి 60 మధ్య పెద్ద గుంట. లోతైన చోట 16 డీబీ. సబ్ ఆన్ చేస్తే 40 కింద, 90 పైన పెరిగింది, గుంట గుంటలాగే ఉంది. ఆ గ్రాఫ్ చూపించాక ఆయన ఇంకేం అడగలేదు.

స్వీప్ నడుస్తున్నప్పుడు ఇంకోటి బయటపడింది. ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర గదిలో ఏదో బుర్రుమంటోంది. సబ్ కోన్ చిరిగిందని అనుమానపడి దాన్ని వారంటీకి పంపాలనుకున్నాడట. చెయ్యి పెట్టి చూస్తే బీరువా తలుపు. హ్యాండిల్ లోపలి రాడ్ వదులై కొట్టుకుంటోంది. తలుపు అంచులకు ఫెల్ట్ ముక్కలు అంటించాం. ఇనుప బీరువా, కిటికీ అద్దం, గోడకున్న ఫోటో ఫ్రేములు, వీటిని పరీక్షించకుండా సబ్‌లో డిస్టార్షన్ ఉందని ఎప్పుడూ అనుకోవద్దు.

కుర్చీ

ఏం జరిపినా ముందు కుర్చీ జరపాలని నిర్ణయించాను. పైసా ఖర్చు లేనిది, ఎక్కువ ప్రభావం ఉన్నది అదే. వెడల్పులో మధ్య నుంచి కదపలేం, ఎడమ కుడి సమానంగా వినపడకపోతే స్టీరియో పోతుంది. అంటే 56.5 దగ్గర వెడల్పు మోడ్ గుంట ఎలాగూ ఉంటుంది. పొడవులో కదపొచ్చు. ఒక గోడ నుంచి గది పొడవులో 38 శాతం దగ్గర కూర్చోవడం అని ఒక వాడుక లెక్క ఉంది. అది శాసనమేమీ కాదు, వెతకడం అక్కడ మొదలుపెట్టవచ్చు, అంతే. 12 అడుగుల్లో అది సుమారు నాలుగున్నర అడుగులు.

ఏ గోడ నుంచి? బీరువా వైపు అయితే వెనక ఇనుప తలుపు, దాని ముందు తల. కిటికీ గోడ వైపే మేలు. కానీ కుర్చీ నాలుగున్నర అడుగుల దగ్గర ఉండాలంటే టేబుల్ గోడకు ఆనాలి, స్పీకర్లు గోడకు అడుగు దూరంలోకి వస్తాయి. "గోడకు దగ్గరైతే బేస్ పెరుగుతది గదా అన్నా" అన్నాడు. పెరుగుతుంది, నిజమే. ఆ పెరుగుదల సమంగా ఉంటుంది, మానిటర్ వెనకున్న స్విచ్‌తో తగ్గించుకోవచ్చు. మూడడుగుల దూరంలో ఉన్నప్పుడు వచ్చేది వేరే రకం తేడా. స్పీకర్ వెనకున్న గోడకు కొట్టుకుని తిరిగొచ్చే అల, దూరానికి నాలుగు రెట్లతో 1,130ను భాగిస్తే వచ్చే ఫ్రీక్వెన్సీ దగ్గర గుంట పెడుతుంది. మూడడుగులకు అది 94 హెర్ట్జ్, డప్పు ఒంటి మీదే. అడుగు దూరానికి 282. అంత పైన గుంట వస్తే గోడకు ప్యానెల్ పెట్టి ఆపగలం. 94ను ప్యానెల్‌తో ఆపడం కష్టం. ఈ ఒక్క లెక్క వల్ల టేబుల్ గోడకు ఆనించాం. విశాలమైన స్టూడియోలకు రాసిన సలహాలను చిన్న గదికి తెచ్చి పెడితే ఇలాంటి చిక్కులే వస్తాయి.

మళ్లీ స్వీప్. 47 దగ్గర గుంట దాదాపు పూడింది. 56 దగ్గర సగం మిగిలింది.

సబ్ చోటు, క్రాసోవర్, లెవెల్

సబ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, బేస్ లూప్ వేసి, మనం నేల మీద పాకుతూ ఎక్కడ సమంగా వినపడుతుందో వెతకడం పాత పద్ధతి. సబ్, చెవి చోట్లు మార్చుకున్నా ఫలితం ఒకటే కాబట్టి అది పని చేస్తుంది. మేం చెవికి బదులు మైక్ వాడాం. ముందు గోడ వెంట ఎడమ మూల నుంచి రెండున్నర అడుగుల దగ్గర అన్నింటికంటే సమంగా వచ్చింది. గది వెడల్పులో అది నాలుగో వంతు. 113 దగ్గర వెడల్పు మోడ్‌కు అక్కడ గుంట ఉంటుంది కాబట్టి, అక్కడున్న సబ్ ఆ మోడ్‌ను పెద్దగా లేపలేదు. టేబుల్ కాళ్లకు అడ్డం రాలేదు, అదొక అదృష్టం.

లో కట్ ఆన్ చేశాం. ఇక క్రాసోవర్ ఎక్కడ? అందరూ 80 అంటారు. ఈ మానిటర్లు 80 దగ్గరికే అలసిపోవడం మొదలుపెడతాయి. మరీ పైకి, 110, 120 దాకా తీసుకుపోతే బేస్ ఎడమవైపు నుంచి వస్తున్నట్టు చెవికి తెలిసిపోతుంది, పైగా 113 గుట్టను లేపే పనిలో సబ్ కూడా చేరుతుంది. 90 దగ్గర పెట్టాం. చిన్న కోన్ల మీద బేస్ భారం తగ్గేసరికి గొంతు కూడా తేటపడింది. ఆయన మొదట గమనించింది బేస్‌ను కాదు, దీన్నే.

సబ్ అలను తలకిందులు చేసే ఫేజ్ స్విచ్ సున్నా దగ్గర ఉంటే 90 చుట్టూ గ్రాఫ్‌లో కొత్త గుంట. 180కి తిప్పితే పూడింది. సబ్ చెవికి మానిటర్ల కంటే రెండడుగులకు పైగా దూరం, ధ్వని ఆ తేడా దాటడానికి రెండు మిల్లీసెకన్లు పడుతుంది. సబ్ లోపలి ఫిల్టర్ ఇంకొంత ఆలస్యం కలుపుతుంది. మైక్ లేనివాళ్లు క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక సైన్ టోన్ (ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న శబ్దం) వేసి, ఫేజ్ స్విచ్ అటూఇటూ తిప్పి, ఏ వైపు ఎక్కువ గట్టిగా వినపడితే అక్కడ ఉంచాలి. కుర్చీలో కూర్చుని వినాలి, స్విచ్ ఇంకొకరు తిప్పాలి.

లెవెల్ దగ్గర మాకు కొంత వాదన జరిగింది. పింక్ నాయిస్ అనే, అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన పరీక్ష శబ్దంతో మానిటర్లను 75 డీబీకి తెచ్చి, సబ్ భాగాన్ని దానికి సమానం చేసి, పైన 2 డీబీ ఎక్కువ ఇచ్చాను. "సబ్ ఉన్నట్టే లేదు" అన్నాడు. సరిగ్గా పెట్టిన సబ్ అలాగే ఉంటుంది, తీసేసినప్పుడే తెలుస్తుంది. సబ్‌ను పక్కన పెట్టేసే బైపాస్ నొక్కి చూపించాను. సబ్ మోగుతున్నట్టు ప్రత్యేకంగా తెలిసిందంటే అది ఎక్కువైంది. గదిలో ఎక్కువ విన్న మనిషి మిక్స్‌లో తక్కువ వేస్తాడు.

ఇంకో విషయం కూడా లెవెల్‌కు సంబంధించిందే. ఆయన రాత్రిళ్లు చాలా తగ్గించి వింటాడు. తక్కువ శబ్దంలో మన చెవి బేస్‌ను తక్కువ పట్టుకుంటుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు కొలిచి చూపించింది ఇదే. అందుకే రాత్రి సబ్ నాబ్ పెంచేవాడు, తెల్లారి తగ్గించేవాడు. రోజుకో లెవెల్ మీద మిక్స్ చేస్తుంటే ఏ పాటా ఇంకో పాటలా ఉండదు. నాబ్ చుట్టూ టేప్ వేసి గీత గీశాం. బేస్ నిర్ణయాలు పగలు 75 డీబీ దగ్గర మాత్రమే, కాసేపే. రాత్రి సబ్ బైపాస్, సవరణలకు హెడ్‌ఫోన్.

ఆఖర్న ఈక్యూ వాడాం, అదీ కోయడానికే. 113 దగ్గర మిగిలిన గుట్టను 4 డీబీ తగ్గించాం. పెంచడం ఎక్కడా లేదు.

పత్తి సంగతి

వెనక మూలలకు బేస్ ట్రాప్‌లు, అంటే బేస్‌ను పీల్చే మందపాటి ప్యానెళ్లు కావాలన్నాను. రాక్‌వూల్ (రాతి నార) హైదరాబాద్ నుంచి తెప్పించాలి అనగానే, "పత్తి మా ఇంట్లనే ఉంది గదన్నా, ఏనుమాముల మార్కెట్‌కు పోయేది ఒక బస్తా ఇటు తెస్తే అయిపాయె" అన్నాడు. శబ్దం వరకు ఆయన మాట తప్పేమీ కాదు, దట్టంగా కూరిన పత్తి కూడా శబ్దాన్ని పీలుస్తుంది. నేను ఒద్దనడానికి కారణం నిప్పు. వేడెక్కే ఆంప్లిఫయర్లు, పవర్ స్ట్రిప్‌లు, మూసిన తలుపు ఉన్న గదిలో శుద్ధి చేయని పత్తిని నేల నుంచి స్లాబ్ దాకా నింపనివ్వను. వానాకాలం చెమ్మ, ఎలుకలు ఆ తర్వాతి సంగతి. ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న రెండంగుళాల రాక్‌వూల్ స్లాబులను మూడేసి కలిపి ఆరంగుళాల మందం చేసి, చెక్క ఫ్రేముల్లో బిగించి, పలచటి బట్ట కుట్టించాం. ఫ్రేములు చేసిన వడ్రంగికి చేతి తొడుగులు, మాస్క్ ఇవ్వడం మరిచిపోవద్దు, ఆ నూగు ఒంటికి పట్టిందంటే సాయంత్రం దాకా దురదే.

ఈ ట్రాప్‌లు 56 దగ్గర చేసేది స్వల్పం. 94, 113 దగ్గర మాత్రం మోత తొందరగా ఆగింది, కిక్‌కు కిక్‌కు మధ్య ఖాళీ వినిపించింది. దర్రీలు సగం తీయించాను. పక్క గోడల మీద స్పీకర్ శబ్దం తగిలే చోట్ల మాత్రం ప్యానెళ్లు.

కింది ఇల్లు

కింద ఉండే పెద్దాయన మాట ఇది: "పాట వినపడతలేదు బిడ్డా, మంచం అదురుతంది." మన స్టూడియో ఆయన ఫోన్ యాప్‌లో కొలిచి, కింద 45 కూడా చూపించడం లేదని వాదించాడు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పరిమితి 45 డీబీఏ అని కూడా చదివి పెట్టుకున్నాడు.

ఆ చివరి 'ఏ' దగ్గరే కిటుకు ఉంది. ఏ వెయిటింగ్ అంటే చెవి తక్కువగా పట్టుకునే శబ్దాలను కొలతలోనూ తక్కువగా లెక్కించడం. 50 హెర్ట్జ్ దగ్గర అది 30 డీబీ తీసేస్తుంది. నిజంగా 70 ఉన్న బేస్ యాప్‌లో 40గా కనపడుతుంది. పెద్దాయన అబద్ధం చెప్పలేదు, యాప్ కూడా చెప్పలేదు.

సబ్ కింద రబ్బరు ప్యాడ్ వేశాం. తేడా కొద్దిగానే. ప్యాడ్ ఆపేది పెట్టె నుంచి నేలకు పాకే అదురును. గాలి ద్వారా స్లాబ్‌ను కదిపే బేస్‌కు అది అడ్డం కాదు. ఇలాంటి ఇంట్లో దాన్ని నిజంగా ఆపాలంటే గదిలో గది కట్టాలి, ఆ ఖర్చుకు ఇంకో చోట గది కిరాయికి దొరుకుతుంది. అక్కడ పనిచేసింది ఈక్యూలో ఆ 10 డీబీ తీసేయడం, రాత్రి తొమ్మిది తర్వాత సబ్ ఆపేస్తానని ఒప్పుకోవడం. మొదటిదాని వల్లే ఎక్కువ తగ్గిందని నా అంచనా. గుంట పూడుస్తున్నాననుకుని పోసిన శక్తంతా పోయింది కింది ఇంటికే.

తర్వాత

45–60 మధ్య గుంట 16 డీబీ నుంచి 6కు వచ్చింది. ఆ ఆరు పోలేదు, ఈ కొలతల గదిలో పోదు కూడా. ఉందని తెలుసు కాబట్టి ఏ మైనర్ పాట చేసేటప్పుడు కింది 'ఏ' నోట్‌ను హెడ్‌ఫోన్‌లో ఒకసారి చూసుకుంటాడు, ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో గీసి చూపే స్పెక్ట్రమ్ అనలైజర్ పక్కన తెరిచి ఉంచుతాడు. పాత పాటల్లో తనకు నచ్చిన ఇతరుల మిక్స్‌లు కొన్నింటిని ఈ గదిలో వినడం రోజూ మొదటి పని. గది ఎలా వినిపిస్తుందో చెవికి అలవాటు కావాలి.

కొత్తగా చేసిన పాట కారులో సరిగ్గా వచ్చింది. డీజేవాళ్ల నుంచి ఫోన్ రాలేదు, వాళ్ల విషయంలో అదే మెచ్చుకోలు. ఒక చోట మాత్రం మిక్స్ మార్చాల్సి వచ్చింది. వినేవాళ్లలో ఎక్కువమంది ఫోన్ స్పీకర్‌లో వింటారు. అందులో 55 హెర్ట్జ్ అసలు మోగదు. సబ్‌లో చక్కగా వినపడుతోందని శుద్ధమైన సైన్ బేస్ వదిలేస్తే ఫోన్‌లో బేస్ లైనే ఉండదు. కొద్దిగా సాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకు చేసే ఎఫెక్ట్) వేసి 110, 165 దగ్గర హార్మోనిక్స్, అంటే మూల స్వరానికి రెండు, మూడు రెట్ల స్వరాలు పుట్టిస్తే, మూల స్వరం లేకపోయినా చెవి దాన్ని ఊహించుకుంటుంది. సబ్ కొన్నవాళ్లు తొందరగా మరిచిపోయే సంగతి ఇది.

ఇప్పుడాయన రెండో సబ్ కొందామంటున్నాడు. ఒకటికి మించిన సబ్‌లు గదిలో బేస్‌ను సమం చేస్తాయన్నది నిజమే. ఆడియో కంపెనీ హర్మన్‌లో పనిచేసిన టాడ్ వెల్టీ 2002లో దీని మీద చేసిన పనిలో ఎదురెదురు గోడల మధ్యలో పెట్టిన రెండు సబ్‌లు మంచి ఫలితం ఇచ్చాయి. అయితే దాని ప్రధాన లాభం పలు కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు ఒకేలా వినిపించడం. ఇక్కడ ఉన్నది ఒక్క కుర్చీ, దాని చోటు ఇప్పటికే కుదిరింది. పైగా 113 దగ్గర మిగిలిన గుట్టలో ఎత్తు మోడ్‌ది పెద్ద వాటా, నేల మీద ఇంకో పెట్టె పెడితే అది తగ్గదు. తల మీద స్లాబ్‌కు వేలాడే ఆరంగుళాల ప్యానెల్ ముందు వేయించమన్నాను. వడ్రంగి కొలతలు తీసుకుపోయాడు.